ఎంగిలి రీడ్

మాస్టారి సంగీత బడిలో చివరి గది పేరెత్తితే చాలు, ఊదేవాళ్ళంతా ఒకసారి మూతి తుడుచుకునేవాళ్ళు.

భయం తర్వాత సంగతి. ముందు అసహ్యం. బడి ఉన్నది ఒక పాత భవనం నేలమాళిగలో. కిటికీలు లేని గదులు, సన్నటి నడవా. బూరలూ క్లారినెట్లూ ఊదేవాళ్ళు గొట్టంలో చేరిన ఉమ్మునీళ్ళు ఎక్కడ దులుపుతారు? నేల మీదే! చప్పుడు బయటికి పోకుండా గోడలకి కొట్టిన తివాచీ ఏళ్ళ తరబడి జనాల ఊపిరి తాగి తాగి నల్లబడిపోయింది. చెప్పు ఆనిస్తే నేలకి అతుక్కుని చప్‌మని ఊడేది. మిగతా గదులది మురికి అనుకుంటే, చివరి గదిది అచ్చంగా రోత.

పైగా అందులో ఒకడు పోయాడు...

ఎప్పుడో, మాస్టారి జుట్టు నల్లగా ఉన్న రోజుల్లో. యూనివర్సిటీలో సంగీతం సీటు కోసం ఒక కుర్రాడు ఆ గదిలోనే క్లారినెట్ సాధన చేసేవాడట. ఊపిరితిత్తుల జబ్బు మనిషి. డాక్టరు వద్దన్నా వినలేదు. ఆడిషన్‌లో వాయించాల్సిన బాణీలో ఒక పొడుగాటి వరస ఉంది — మొదటి నుంచి చివరిదాకా ఒక్క ఊపిరిలో లాగాలి. మధ్యలో గాలి పీల్చుకుంటే పరీక్షకులకి ఇట్టే తెలిసిపోతుంది. వాడు సగం దాకా వచ్చి దగ్గేవాడు. మళ్ళీ మొదలెట్టేవాడు... మళ్ళీ సగం, మళ్ళీ దగ్గు. ఆడిషన్ ముందురోజు ఆ దగ్గులో నెత్తురు పడింది. క్లారినెట్ నోట్లో ఉండగానే ప్రాణం పోయిందంటారు.

అప్పట్నుంచీ చీకటి పడ్డాక ఆ గదిలోంచి సగం వరస వినిపిస్తుందనీ, అది ఆగిపోయాక ఎవరో థూ అని ఉమ్మిన చప్పుడవుతుందనీ చెప్పుకునేవాళ్ళు.

ఇవన్నీ వినే మన బూరమ్మ ఆ గది తీసుకుంది.

బూరమ్మ అని పేరు పెట్టింది బావ. అక్కా బావల ఇంట్లోనే ఉండేది. దెయ్యాలంటే బొత్తిగా లెక్కలేదు. ఆ పిల్ల భయమంతా ఎంగిలే. అక్క తాగిన గ్లాసులో చచ్చినా నీళ్ళు తాగదు. అక్క కొడుకు చంటాడు ముద్దు పెడితే వాడు చూడకుండా వెళ్ళి బుగ్గ కడుక్కుంటుంది. ఇలాంటిదానికి నోటితో వాయించే వాయిద్యం ఎలా పట్టుబడిందే అని అక్క బుగ్గలు నొక్కుకుంటే, ఎవరి ఉమ్ము వాళ్ళకి తీపేలే అని బావ నవ్వేవాడు.

కిందటేడు ఆ పొడుగు వరసలోనే ఊపిరి చాలక బూరమ్మకి సీటు తప్పింది. ఈసారీ తప్పితే తన లాండ్రీలో కౌంటర్ దగ్గర కూర్చోవాలన్నాడు బావ. మంచివాడే, కానీ మాటంటే మాట. ఇక పొద్దున లేస్తే ఊళ్ళోవాళ్ళ కాలర్ల జిడ్డు, చంకల మరకలు, ఎవడో ముక్కు చీది జేబులో మర్చిపోయిన చేతిరుమాళ్ళు... అది తలుచుకుంటే చాలు, బూరమ్మకి డోకొచ్చేది. అందుకే మిగతా గదులన్నీ తోటి పిల్లలు ముందే పట్టేసినా వెనక్కి తగ్గలేదు. ఒక బకెట్ తెచ్చి, ఫినాయిల్ కలిపి, చివరి గది నేలంతా గోకి గోకి కడిగింది. బకెట్ కూడా అక్కడే ఒక మూల పెట్టుకుంది.

ఇక్కడ రీడ్ సంగతి చెప్పాలి. క్లారినెట్ మూతికి వేలంత రెల్లు చీలిక ఒకటి కడతారు, అదే రీడ్. వాయించే ముందు దాన్ని నోట్లో పెట్టుకుని నానబెట్టాలి. కొత్తదాన్నయితే రోజూ కాస్త కాస్త ఊది మచ్చిక చేసుకోవాలి. ఒక్కసారే గంటలకొద్దీ ఊదేస్తే చచ్చి ఊరుకుంటుంది, ఇక పలకదు. బూరమ్మకి అంత ఓపికెక్కడిది? డబ్బాలకి డబ్బాలు చంపి పారేసింది. చివరికి సరైంది ఒక్కటే మిగిలింది. ఇంట్లో ఊదితే పక్కవాటావాళ్ళు గోడ బాదుతారని, క్లారినెట్‌నీ ఆ రీడ్‌నీ చివరి గది బీరువాలోనే పెట్టి వెళ్ళేది.

ఒక సాయంత్రం వచ్చి పెట్టె తెరిచి, అలవాటుగా రీడ్ నోట్లో పెట్టుకుంది.

తడిగా ఉంది.

తడి ఒక్కటే అయితే సరే. వెచ్చగా... జిగటగా... నాలుక్కి పట్టుకునే మందు చేదు. అప్పటికి గానీ బుర్రకెక్కలేదు — ఇది ఇంకొకళ్ళ నోట్లోంచి ఇప్పుడే వచ్చింది!

కుళాయి దగ్గరికి పరిగెత్తి చిగుళ్ళు మండేదాకా నోరు కడుక్కుంది. అయినా ఆ చేదు వదల్లేదు. ఏడుపొచ్చింది. వేణ్ణీళ్ళలో మరగబెడదామా అంటే రీడ్ పాడవుతుంది. పారేద్దామా అంటే ఇంకోటి లేదు. కళ్ళ ముందు లాండ్రీ కౌంటర్ మెదిలింది. గుడ్డతో తుడిచి, ముక్కు మూసుకుని, మళ్ళీ నోట్లో పెట్టుకుని ఊదింది.

వెన్నలా పలికింది ముదనష్టపుది.

మర్నాడూ తడే. ఆ మర్నాడూ అంతే. రోజురోజుకీ రీడ్ పదునెక్కుతోంది. పొడుగు వరస సగం దాటి కొంచెం కొంచెం ముందుకి పోతోంది. ఇంట్లో చెప్తే, గది మార్చెయ్యవే తల్లీ అని అక్క బతిమాలింది. దెయ్యమైతే పర్లేదు గానీ చిగుళ్ళ జబ్బు లేకుండా ఉంటే చాలన్నాడు బావ.

ఇక లాభం లేదని ఒకరోజు సాధన అయ్యాక వెళ్ళిపోయినట్టు వెళ్ళి, మెట్ల కింద నక్కింది.

బడి ఖాళీ అయింది. నడవాలో దీపం ఆరింది. చాలాసేపు ఏమీ లేదు... తర్వాత చివరి గదిలోంచి సన్నగా వరస మొదలైంది.

సగం దాకా వచ్చింది... ఆగింది.

దగ్గు.

థూ.

బూరమ్మ గోడ పట్టుకుని వెళ్ళి తలుపు సందులోంచి చూసింది. లోపల గుడ్డి దీపం. ఎవరో అటు తిరిగి వంగి కూర్చున్నారు. పక్కన కుర్చీ మీద గ్లాసుడు నీళ్ళు. ఆ నీళ్ళలో... పళ్ళు. రెండు వరసల పళ్ళు, పళ్ళికిలించి చూస్తున్నాయి. ఒక చెయ్యి వచ్చి వాటిని తీసి నోట్లో పెట్టుకుంది. టక్కుమంది. తర్వాత ఆ నోరు రీడ్‌ని ఈ కొస నుంచి ఆ కొసకి నింపాదిగా నాకింది.

"మాస్టారూ..." అంది బూరమ్మ. "మీరా?"

మాస్టారు ఉలిక్కిపడి, దొరికిపోయినట్టు చూశారు. పక్కనే దగ్గుమందు సీసా. "నువ్వు రీడ్లని చంపేస్తున్నావమ్మా. ఇదొక్కటే మిగిలింది. నువ్వొచ్చే ముందూ, వెళ్ళాకా రోజూ కాస్త మచ్చిక చేస్తున్నాను."

"మీ నోటితోనా?"

"మరి ఎవరి నోటితో చెయ్యమంటావు?"

బూరమ్మ ఆ ఫినాయిల్ బకెట్ దగ్గరే కూలబడి తిన్నదంతా కక్కేసింది. పిల్లల రీడ్లు ఇలా మచ్చిక చెయ్యడం తనకి ఏళ్ళనాటి అలవాటనీ, పాడు దగ్గొచ్చి కట్టుడు పళ్ళు ఊడొస్తుంటే వరస సగమే లాగగలుగుతున్నాననీ మాస్టారు సంజాయిషీ చెప్పుకుంటూనే ఉన్నారు. దీని కన్నా దెయ్యమే నయం కదా అనిపించింది ఆ పిల్లకి. ఇక ముట్టనని ఒట్టు వేయించుకుని, పెట్టె చంకలో పెట్టుకుని ఇంటికి తెచ్చేసింది.

ఆడిషన్ ముందు రాత్రి రీడ్‌ని శుభ్రంగా తుడిచి, ఆరబెట్టి, పెట్టెకి తాళం వేసి తలగడ కింద పెట్టుకుని పడుకుంది. తాళంచెవి మెడలో గొలుసుకి కట్టుకుంది.

పొద్దున యూనివర్సిటీ వరండాలో అక్క పక్కన కూర్చుని పెట్టె తెరిచింది.

తడిగా ఉంది...

చివ్వున తలెత్తి, తోడొచ్చిన మాస్టారి వైపు చూసింది. ఆయన ఎదురుగా గోడవార కూర్చుని ఉన్నారు. సంగతి అర్థమై రెండు చేతులూ ఎత్తేశారు. "ఒట్టమ్మా... నేను నిన్నట్నుంచీ పళ్ళే పెట్టుకోలేదు, అవి లేకుండా ఊదలేను," అన్నారు గుసగుసగా. నిజమే, బుగ్గలు లోపలికి పీక్కుపోయి ఉన్నాయి.

లోపలినుంచి పిలుపొచ్చింది.

ముగ్గురు పరీక్షకులు. ఇంకో రీడ్ లేదు. జిడ్డు కాలర్లు గుర్తు తెచ్చుకుని, బూరమ్మ కళ్ళు మూసుకుని రీడ్‌ని నోట్లో పెట్టుకుంది. ఈసారి మందు చేదు లేదు. ఉప్పగా ఉంది... తుప్పు పట్టిన కుళాయికి నోరు పెట్టినట్టు. పెద్దమనుషుల ముందు ఉమ్మలేక, మింగేసింది. మింగి, ఊదింది.

పొడుగు వరస వచ్చింది. సగం దాటింది. ఇంకొంచెం... ఎప్పుడూ అక్కడే ఊపిరి అయిపోయేది. ఇప్పుడూ అయిపోయింది. రొమ్ములో చిటికెడు గాలి లేదు, ఆ సంగతి తనకి తెలుస్తూనే ఉంది. కానీ వాయిద్యం ఆగలేదు! నోటి నిండా ఎవరిదో గాలి, వెచ్చగా, చెమ్మగా, ఆమె దవడలు తోసుకుంటూ పోతోంది. పెదవులు తీద్దామంటే ఊడి రాలేదు. వరస చివరిదాకా పోయి, సొంపుగా ముగిసి, అప్పుడు వదిలింది.

పరీక్షకులు తలలెత్తి ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

బయటికి రాగానే అక్క చేతిరుమాలుతో ఆమె మూతి తుడిచింది. రుమాలు ఎర్రబడింది. పెదవి కొరుక్కున్నావటే అని అడిగింది అక్క. బూరమ్మ అద్దం దగ్గరికి పరిగెత్తి పెదవులు తిప్పి చూసుకుంది, నాలుక చాపి చూసుకుంది. ఎక్కడా చిన్న గాటు లేదు. రీడ్‌ని కాగితంలో చుట్టి చెత్తబుట్టలో పడేసి, క్లారినెట్ మూతి కూడా పీకి అందులోనే పడేసి, చేతులు తోమి తోమి కడుక్కుంది.

సీటొచ్చింది. బావ కౌంటర్‌కి వేరే మనిషిని వెతుక్కున్నాడు.

కబురు విని మాస్టారు ఫోన్ చేశారు. మెచ్చుకున్నాక గొంతు తగ్గించారు.

"ఒక మాట నీకు చెప్పలేదమ్మా. నేను దిగని రాత్రుల్లో కూడా ఆ గదిలో వరస వినిపించేది. ఇప్పుడు లేదు. నీ ఆడిషన్ నాటినుంచీ సడీ చప్పుడూ లేదు. సీటొచ్చిందిగా... ఇంక వాడికి ఇక్కడేం పని?"

వాడికేంటి మాస్టారూ, వచ్చింది నాకు కదా అందామనుకుంది బూరమ్మ. ఫోన్ పెట్టేసి, వెళ్ళి నోరు కడుక్కుంది.

మొదటి రోజు క్లాసు. కొత్త మూతి, కొత్త రీడ్ల డబ్బా. షాపువాడు వేసిన సీలు కూడా చెక్కు చెదరలేదు. రీడ్లు తడుపుకోండని మేడమ్ చెప్పింది. బూరమ్మ గోటితో సీలు చింపి, మొదటి రీడ్‌ని రెండు వేళ్ళతో పైకి తీసింది.

తడిగా ఉంది. ఇంకా వెచ్చగానే ఉంది.

పక్కవాళ్ళందరూ నోట్లో పెట్టుకున్నారు. మేడమ్ ఈమె వైపే చూస్తోంది. బూరమ్మ కళ్ళు మూసుకుని నోరు తెరిచింది.