అందరూ ఆగిన బండ

కిందటేడు మబ్బుకొండ పరుగులో తను గెలవలేదన్న సంగతి నీలవేణి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అద్దం ముందు ఒంటరిగా నిలబడి కూడా పైకి అనలేదు.

ఇప్పుడు ఫినిష్ లైన్ దగ్గర టెంటులో కూర్చుని, స్క్రీన్ మీద రెండువందల పచ్చచుక్కలు కొండెక్కుతుంటే చూస్తోంది. ఒక్కో చుక్క ఒక్కో మనిషి. ఒక్కో మనిషి పిక్కకి ఒక్కో ‘జాడ’ బ్యాండు.

జాడ పనిచేసే తీరు చెప్పడం తేలికే. ఒకరు పరిగెత్తిన దారి, వేసిన ప్రతి అడుగు, ఎక్కడ నెమ్మదించారు, ఎక్కడ ఆగారు, అంతా అందులో ఉంటుంది. మరొకరు దాన్ని కట్టుకుంటే పిక్కకి చీమ కుట్టినంత కరెంటు తగిలి, కాలు దానంతటదే మొదటివాళ్ళ అడుగులో పడుతుంది. మంచు కమ్మినా, రాళ్ళు జారినా భయం లేదు. కనిపెట్టినవారు డాక్టర్ రంగనాయకులు. అందులో నింపిన పరుగు కిందటేటి విజేతది. అంటే నీలవేణిది.

ఆమె చదువు ఇంటర్ మధ్యలోనే ఆగింది. పాత ఫోన్లు విప్పి, వీడియోలు చూసి నేర్చుకున్న విద్యతో సొంతంగా సెన్సర్ తయారుచేసి, కిందటేడు సాక్సుకి కుట్టుకుని పరిగెత్తింది. ఆ సెన్సరూ, పరుగులో వచ్చిన కప్పూ చూసే రంగనాయకులు ల్యాబ్‌లో ఉద్యోగమిచ్చారు.

ఆ పరుగు రోజు జరిగిందేమిటంటే, పదకొండో కిలోమీటరు దగ్గర మంచు కమ్మేసింది. దారి గుర్తుకి కమిటీ వాళ్ళు పసుపు రిబ్బన్లు కట్టారు. అక్కడ కాఫీ పళ్ళు కోసే ఆడవాళ్ళు కోత అయిపోయిన వరసకి పాత చీర పేలిక కడతారు. ఆ ఏడు ఆ పేలికలూ పసుపువే. వాటి వెంటపడి నీలవేణి ఎడమకి తిరిగి, కాఫీ తోటలోంచి దిగిపోయింది. రెండున్నర కిలోమీటర్లు కలిసొచ్చాయి. అప్పటిదాకా ముందున్న పాంగి ముత్తెమ్మ, ఆ కొండ మీదే పళ్ళు కోసే మనిషి, రెండోదైపోయింది. రెండ్రోజుల తర్వాత సెన్సర్ లెక్క చూస్తేగానీ నీలవేణికి తెలియలేదు.

“ఎవరి కళ్ళు వాళ్ళకున్నాయి. రిబ్బను చూసుకుని సరైన దారినే పోతారు” అని తనకి తనే సర్దిచెప్పుకుని, ఆ పరుగునే జాడలోకి ఎక్కించింది.

ఇప్పుడు స్క్రీన్ మీద తొమ్మిదో కిలోమీటరు దగ్గర పచ్చచుక్కలు ఒక్కొక్కటే ఆగుతున్నాయి.

“ఏమైంది? బ్యాండ్లు పోయాయా?” రంగనాయకులు కంగారుపడ్డారు.

“లేదు సార్. అక్కడో బండ ఉంది. లోయ చూస్తూ నలభై సెకన్లు ఆగాను.”

“రేసు మధ్యలోనా?”

“బాగుంది సార్ మరి!”

ఆయన నవ్వేశారు. నీలవేణికి కడుపు నిండినట్టయింది. తను మురిసిన చోట రెండువందల మంది నిలబడి మురుస్తున్నారు.

పదకొండో కిలోమీటరు వచ్చింది. మొదటి చుక్క ఎడమకి తిరిగింది. వెనకే అన్నీ. వాకీటాకీలో వాలంటీరు గొంతు చించుకుంటున్నాడు. “సార్, రిబ్బన్లు కుడివైపు కట్టాం. చెప్తే వినరే! ‘మా కాళ్ళకంటే నీకు బాగా తెలుసా, పో’ అంటున్నారు!”

“నువ్వే తప్పు కట్టుంటావయ్యా” అన్నారు రంగనాయకులు. “రెండువందల మంది ఎలా తప్పుతారు?”

కుడికి తిరిగింది ఒకే ఒక్క తెల్లచుక్క. చొక్కా మీది నంబరులో చిప్ తప్ప బ్యాండు లేని ముత్తెమ్మ. “మేక కాలికి కట్టినట్టు ఇదేటమ్మా? నా కొండ నాకెరికే” అని పొద్దున్నే తిప్పి ఇచ్చేసింది.

పచ్చచుక్కలవాళ్ళు చెమటలతో, నవ్వులతో వచ్చిపడ్డారు. “ఆ బండ మీంచి చూస్తే మేఘాలు మన కాళ్ళ కిందే!” “ఆ కాఫీ తోటలో ఎర్రెర్రటి పళ్ళు చూశావా?” అందరి నోటా అదే మాట. అరగంట తర్వాత ముత్తెమ్మ వచ్చింది. కంప్యూటర్ ఆమె పేరు పక్కన ‘దారి తప్పారు’ అని చూపించింది. కమిటీ ఆ పేరు కొట్టేసింది.

“నాను తప్పీనానా?” ముత్తెమ్మ నీళ్ళ సీసా దించింది.

“వాళ్ళందరి దారి ఒకటి, మీదొకటి అమ్మా. మెషిన్ అబద్ధం చెప్పదు” అన్నాడు కమిటీ మనిషి.

“చెప్పదులే బాబూ. దానికి చెప్పినోలు ఏటి చెప్పీనారో.” ముఖం తుడుచుకుని నీలవేణి వైపు తిరిగింది. “బండ కాడ నానూ ఆగినానమ్మా. రోజూ ఆగుతాను.” నవ్వి, పళ్ళ కోతకి వేళవుతోందని జీపెక్కి వెళ్ళిపోయింది.

సాయంత్రం కమిటీ ఇంకో నిర్ణయం చేసింది. వచ్చే ఏటి నుంచి ఎడమ దారే అసలు దారి. పేరు ‘నీలవేణి బాట’.

“ఆరింటికి వీటి మీద కమిటీ సంతకం. అయ్యాక ఇంక మార్పులుండవు” అంటూ రంగనాయకులు కాగితాలు సర్దారు. “ఏమ్మా, సంతోషమేనా?”

గడియారంలో అయిదూ నలభై. ఇంట్లో ఆ కప్పులో ఇన్నాళ్ళూ స్క్రూలు పోసుకుంటూ వచ్చింది నీలవేణి. దాన్ని ఒక్కసారీ బొర్లించి, అడుగున చెక్కిన తన పేరు చదువుకోలేదు. నిజం చెబితే ఉద్యోగం పోతుందేమో. పోతే పాత ఫోన్లు ఉండనే ఉన్నాయి.

బల్ల మీది పెన్ను తీసి జేబులో పెట్టుకుంది.

“ఒక్క పది నిమిషాలు ఆగండి సార్. ఫోన్ చేసొస్తాను. వచ్చాక మీకూ చెప్తాను.”

“ఎవరికమ్మా?”

“ముత్తెమ్మక్కకి.”

ఎంట్రీ ఫారంలో నంబరు చూసుకుని, సిగ్నల్ దొరికే మిట్ట వైపు నడిచింది. పిక్కకి ఏ బ్యాండూ లేదు.