నలభై రెండో చోటు

మూడు జతల ఉన్ని మేజోళ్ళు సంచిలో పెట్టింది మియాలి. చాలవేమోనని నాలుగో జత కూడా కుక్కింది. ఎండబెట్టిన క్యారిబూ దుప్పి మాంసం, పొద్దున్నే కాల్చిన రొట్టెలు, టీ పొడి, అగ్గిపెట్టెలు రెండు చోట్ల... ఒకటి తడిసినా ఇంకొకటి ఉంటుందని! కూతురు మూడు రోజులు మంచు మీద ప్రయాణం పోతుంటే ఏ తల్లి ఒక్కసారితో సంచి సర్దగలదు? అన్నిటికన్నా ముఖ్యమైన ట్యాబ్ కోసం బల్ల మీదికి చెయ్యి చాపింది. ట్యాబ్ లేదు!

"నాన్నా! ట్యాబ్ నువ్వు తీశావా?"

"లేదే! ఛార్జింగ్ పెట్టి అక్కడే ఉంచాను!" బయట మంచుబండిలో పెట్రోలు పోస్తున్న కుబ్లూ పరిగెత్తుకొచ్చింది.

ఇరవై నాలుగేళ్ళ కూతుర్ని మియాలి ముద్దుకు నాన్నా అనడం లేదు. కుబ్లూ అన్నది మియాలి తండ్రి పేరు. ఆయన పోయిన చాలా ఏళ్ళకు పుట్టిన ఈ పిల్లకు ఆ పేరు పెట్టారు. ఆ ఉత్తర ధ్రువపు ఊళ్ళ ఆచారం ప్రకారం పేరుతోపాటు వరసలూ వచ్చేశాయి. మియాలికి కూతురే తండ్రి. మియాలి తల్లి, ముసలి తాగలిక్‌కు మనవరాలే మొగుడు!

పరుపులు ఎత్తి చూశారు. ఫ్రీజర్‌లో సీల్ మాంసం కింద కూడా వెతికారు. తాగలిక్ మాత్రం కిటికీ దగ్గర కుర్చీలో కదలకుండా కూర్చుంది. హీటరు వేడికి అద్దాలు చెమర్చుతుంటే, ఆవిడ వీపున బిడ్డ సంచి ఉన్న పాత అమౌటి కోటు తొడుక్కుని ఉంది.

కుబ్లూ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏమే పెళ్ళామా! ఇంట్లో అంత చలేస్తోందా?"

"ముసలిదాన్ని. నా చలి నాది."

"వీపున ఉన్న ఆ బిడ్డెవరే? నాకు చెప్పకుండా ఎప్పుడు కన్నావు?"

మియాలికి నవ్వాగలేదు. కుబ్లూ అవ్వ వెనక్కి వెళ్ళి సంచిలో చెయ్యి పెట్టింది. ట్యాబ్ బయటికి వచ్చింది... వెచ్చగా, అప్పుడే నిద్రలేచిన పసిబిడ్డలా!

బయటి చలిలో బ్యాటరీ నిమిషాల్లో చచ్చిపోతుంది. అందుకే ప్రయాణంలో కుబ్లూ కూడా దాన్ని అలాగే వీపున వేసుకుని పోతుంది. "మునిమనవణ్ణి మొయ్యమని కోటు కుట్టిస్తే అద్దం పలకని మోస్తున్నావు. దానికి పాలు కూడా పడతావా?" అని తాగలిక్ చలికాలమంతా ఎత్తిపొడిచింది. ఎత్తిపొడుస్తూనే వంటింటి బల్ల దగ్గర కూర్చుని, కుక్కబండ్ల కాలంనాటి పాత దారిలోని చోట్లన్నిటి గురించీ ఒక్కొక్కటిగా ఆ ట్యాబ్‌కు చెప్పింది. ఎవరైనా ఆ చోటికి చేరగానే అవ్వ గొంతు దానంతటదే పలుకుతుంది. 'ఇక్కడ గాలి తిరుగుతుంది, టీ తాగకుండా కదలకండి.' 'ఇక్కడ మా అత్త నన్ను తిట్టింది, త్వరగా దాటిపోండి.' అలా నలభై ఒక్క చోట్లు! ఇప్పుడెవరూ ఆ దారిన పోవడం లేదు. ఏ గొంతు ఏ చోట పలుకుతోందో సరిచూసుకు రావడానికే కుబ్లూ, ఆమె స్నేహితుడు జూపీ ఈ రోజు బయలుదేరుతున్నారు.

"ఇచ్చెయ్! దాన్ని ఇచ్చెయ్!" తాగలిక్ మనవరాలి చొక్కా పట్టుకుంది. "వెళ్ళకయ్యా... మళ్ళీ వెళ్ళిపోకు!"

మియాలి మధ్యకు వచ్చింది. "అమ్మా, ఏమిటిది? జూపీ తోడున్నాడు. టవర్ లేనిచోట కూడా మెసేజ్ పంపే పెట్టె ఉంది. భయమెందుకు?"

"ఆ పలక అబద్ధం చెబుతుందే!" అంది తాగలిక్. మరుక్షణం తల దించుకుంది. "పలక కాదు... నేనే."

వంకర తిరిగిన వేలితో తెర మీద చూపించింది. ఎర్ర కొండ దగ్గరనుంచి అవతలి ఒడ్డుదాకా, గడ్డకట్టిన జలసంధి మీదుగా, దారిని చూపే నీలం గీత తిన్నగా పోతోంది. "ఇక్కడ ఇంకో చోటుంది. నేను చెప్పలేదు. చెప్పలేదు కనక ఇది అడ్డంగా గీత గీసేసింది."

"ఉపగ్రహం ఫోటోలో అక్కడంతా తెల్లగా, గట్టిగానే ఉంది కదా అవ్వా!" కుబ్లూ పెళ్ళామా అనడం మరిచిపోయింది.

"తెల్లగానే ఉంటుంది. పైన మంచు. కింద నీళ్ళు పరిగెడుతూ అడుగునుంచి నాకేస్తుంటాయి."

"అన్నీ చెప్పి ఇదొక్కటే ఎందుకు దాచావు?"

తాగలిక్ మనవరాలి వైపు చూడలేదు. కూతురి వైపు చూసింది. "మీ నాన్న... అక్కడే."

మియాలి తల్లి ఎదుటికి వచ్చింది. "యాభై ఏళ్ళు అడిగానమ్మా! ఎక్కడ పోయాడంటే బయటెక్కడో అన్నావు. అంతకు మించి ఒక్క మాట లేదు!"

"నీకప్పుడు ఎనిమిది నెలలు. ఒళ్ళు కాలిపోతోంది, కళ్ళు తెరవడం లేదు. నర్సు దగ్గర మందు తెస్తానని బండికి కుక్కల్ని కట్టాడు. నేను బండి వెంట పరిగెత్తి, 'త్వరగా రా, త్వరగా రా' అని అరిచాను. ఎప్పుడూ ఒడ్డువెంట చుట్టూ తిరిగేవాడే... ఆ రోజు తిరుగు దారిలో జలసంధికి అడ్డంగా వచ్చాడు. మర్నాటికి నీ జ్వరం దానంతటదే తగ్గింది. నువ్వు నవ్వుతున్నావు. ఆయన రాలేదు. బండి జాడ నీళ్ళ అంచుదాకా ఉందన్నారు. నీకు చెప్పొద్దని వెతికినవాళ్ళ చేతులు పట్టుకున్నాను. తెలిస్తే, నా వల్లే నాన్న పోయాడని జీవితమంతా మోస్తావు కదే! నేను మోస్తే చాలనుకున్నాను..."

మియాలి తల్లి కుర్చీ దగ్గర నేల మీద కూర్చుంది. పదిహేనేళ్ళప్పుడు ఇదే అమ్మను, నీకు నాన్నంటే ప్రేమే లేదు, నీది రాతి గుండె అని నిలదీసింది! అమ్మ తల ఎత్తకుండా చేపను కోస్తూనే ఉంది. ఆ రోజు ఒక్క మాట చెబితే నిందంతా కూతురి మీదికి పోయేది... అందుకే తనే రాయిలా కూర్చుంది! ఆ తల్లి ఒళ్ళో తల పెట్టి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది మియాలి. "పిచ్చిదానా... చెప్పుంటే ఇద్దరం కలిసి మోసేవాళ్ళం కదమ్మా!"

కుబ్లూ ఇద్దరి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. తాగలిక్ గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది.

"ఏమే పెళ్ళామా, నన్ను చూడు. నువ్వు త్వరగా రమ్మన్నందుకు నాకేం కోపం లేదు. విన్నావా? వచ్చాను కదా! కాస్త ఆలస్యమైంది, అంతే. ఇరవై నాలుగేళ్ళుగా నీ చేతి టీ తాగుతూనే ఉన్నాను."

ముసలామె ఆ ముఖంలోకి చూసింది. తర్వాత కనుబొమలు రెండూ పైకెత్తింది. వాళ్ళలో అవునని చెప్పడం అలాగే.

"అది ఇటివ్వు," అంది. "చెబుతాను."

బయలుదేరేటప్పుడు మియాలి ట్యాబ్‌ను కూతురి కోటు వీపు సంచిలో పెట్టి, పసిబిడ్డ జారకుండా కట్టినట్టే నడుం పట్టీ బిగించింది. గుమ్మంలో తాగలిక్ మనవరాలి చెంపకు ముద్దుగా ముక్కు ఆనించి వాసన చూసి, "నిదానంగా రా అయ్యా," అంది. "ఎంత ఆలస్యమైనా సరే."

రెండో రోజు మధ్యాహ్నం మియాలి ఫోన్ మోగింది. 'అవ్వ మాట్లాడింది. ఇద్దరం బండ్లాపి విన్నాం. ఒడ్డువెంట చుట్టూ వచ్చాం. నాలుగు గంటలు ఆలస్యం. పెళ్ళానికి చెప్పు.'

నాలుగో రోజు కుబ్లూ ఇల్లు చేరింది. బూట్లు కూడా విప్పకుండా టీ అడిగింది. మియాలి మాత్రం ట్యాబ్ అందుకుని, బల్ల దగ్గర అమ్మ పక్కన కూర్చుని, నలభై రెండో చోటు మీద వేలు పెట్టింది. తాగలిక్ గొంతు పలికింది.

"ఇక్కడ మంచును నమ్మకండి. ఎడమ ఒడ్డు పట్టుకుని చుట్టూ రండి. మా ఆయన కుబ్లూ, పంతొమ్మిది వందల డెబ్బై రెండు ఏప్రిల్ పద్దెనిమిదిన, బిడ్డకు మందు తీసుకుని ఇటు వచ్చాడు. ఇంటికి రాలేదు."