ఐదు దగ్గర ఆగిన గాలి

శవంతో సహా ట్రాలీ మాయమైంది.

ఎమ్మిగనూరు ఆస్పత్రి నుంచి ఆదోని మార్చురీకి బయలుదేరిన ఫ్రీజర్ ట్రాలీ అది. అందులో ఉన్నది అయ్యన్న అనే ముసలాయన. నా అన్నవాళ్లు లేరు. మూడు రోజులు చూసి అనాథ శవం కింద రాసేశారు.

స్టేషన్లో ఎస్సై శిరీష టైము చూసింది. మధ్యాహ్నం 3:20. ఎదురుగా పికప్ డ్రైవర్ సిద్దప్ప. యాభై దాటిన మనిషి.

"ఎప్పుడు జరిగింది?"

"పదకొండు నలభైకి మేడం. కారు అడ్డం పెట్టినారు. ఇద్దురు దిగినారు. కత్తి సూపించి ట్రాలీ ఇప్పుకోని పోయినారు."

"నువ్వు దిగావా?"

"ల్యాదు. సీట్లోనే ఉండినా. ఆపైన యెతుక్కుంట తిరిగినా. ఈడికొచ్చేదాకా కిందికి దిగనేల్యాదు."

తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టుంది. అయినా పక్కనే ఉన్న పికప్, ట్రాలీల ఓనర్ మధుసూదన్ మాత్రం డ్రైవర్నే వెనకేసుకొచ్చాడు.

"నోట్లో నాలుక లేనోడు మేడం. ఫ్రీజర్ కోసం ఎవరో కొట్టేసింటారు."

శిరీష బయటికొచ్చి పికప్ చుట్టూ తిరిగింది. వెనక ఇరుసు మీద, అటూ ఇటూ, రెండు నల్లటి రబ్బరు బుడ్డలు కనిపించాయి. అవేమిటో ఓనర్‌కు సరిగ్గా తెలీదు. మెకానిక్ వీరేష్‌కు ఫోన్ చేశాడు. పది నిమిషాల్లో అతను వచ్చాడు.

"ఎయిర్ స్ప్రింగులు మేడం. నేనే బిగించినా. ట్రాలీ తగిలిస్తే బండి యెనక కుంగుతాది. గాలి ముప్పై కొడితే సమానంగా నిలుస్తాది."

"విప్పాక?"

"అదే గాలి ఉంటే ఖాళీ బండి గుంతల్లో ఎగిరెగిరి పడతాది. ఐదుకు దించల్ల. పూర్తిగా తీస్తే రబ్బరు నలిగిపోతాది. సిద్దప్పన్నకు నేర్పించినా. ఒక్క రోజూ మర్సిపోడు."

"ఇప్పుడెంతుందో చూడు."

వీరేష్ గేజ్ పెట్టాడు. ఎడమవైపు ఐదు. కుడివైపు ఐదు.

శిరీష ముగ్గుర్నీ లోపల కూర్చోబెట్టింది.

"గాలి దానంతటదే కారితే రెండువైపులా సరిగ్గా ఐదు దగ్గర ఆగదు. కత్తి చూపించిన దొంగ తీరిగ్గా గేజ్ పెట్టుకుని గాలి దించడు. నువ్వేమో కిందికే దిగలేదన్నావు. మరి దించిందెవరు సిద్దప్పా?"

సిద్దప్ప తన చేతులకేసి చూసుకున్నాడు.

"అలవాటు మేడం. సెయ్యి ఊరుకోల్యాదు."

"శవమెక్కడ?"

"నందవరం పక్కన, అయ్యన్న సేన్లో. పెండ్లాం సమాధి పక్కనే పూడ్సినా. గుంత నిన్ననే తవ్విపెట్టినా. ట్రాలీ ఆడనే ఉంది. ఆస్పత్రిలో అడిగినా మేడం, నాకియ్యండి అని. రక్తసంబంధం ఉంటేనే అన్నారు. ల్యాకుంటే అనాథ అని నంబరేసి పూడుస్తారంట. ఆయప్ప అనాథ కాదు. ఆదివారం ఆదివారం ఇద్దరం కలిసి తింటాంటిమి. నాగ్గూడా ఎవురూ ల్యారు."

"ఒక్కడివే ఎలా దించావు?"

"బక్క మనిషి. ఎత్తుకున్యా."



"తప్పుడు ఫిర్యాదు ఇచ్చావు. జైలుకు పోవాల్సొస్తుంది, తెలుసా?"

"పంపండి మేడం. ఆడన్నా మనుషులుంటారు."

ఎనిమిదేళ్ల సర్వీసులో జైలంటే వణికేవాళ్లనే చూసింది శిరీష. క్వార్టర్స్‌లో తనూ రోజూ ఒక్కతే అన్నం తింటుంది.

ఫిర్యాదు ఇంకా రిజిస్టర్ చెయ్యలేదు. మధుసూదన్ వైపు చూసింది. అతను తలూపాడు. కాగితం చింపేసింది. ఆస్పత్రి వాళ్లు సిద్దప్ప వెంట పంపిన, శవాన్ని అప్పగించే ఫారం ముందుకు లాక్కుని, ఖాళీగా వదిలేసిన రెండు గడులూ నింపి, పైకి చదివింది.

"శవాన్ని తీసుకున్నవారు: సిద్దప్ప. బంధుత్వం: తమ్ముడు."



"ఇంగోసారి సదవండి మేడం," అన్నాడు సిద్దప్ప.