మూడో సీసా

"ఎవరీ సీసాలు నింపింది?"

ఉద్యోగంలో చేరిన మొదటి రోజు, మొదటి గంటలోనే గది మధ్య గాజు అద్దం అవతల నుంచి వినిపించిన గొంతు అది.

"నేనేనండీ."

"తలకి నూనె రాసుకుని ఆ చేతుల్తోనే నింపావా?"

నోరు వెళ్లబెట్టాను. నూనె రాసుకున్నది తెల్లవారకముందు. ఆ తర్వాత మూడుసార్లు చేతులు కడుక్కున్నాను. అయినా పట్టేసింది! ఆ రోజు నుంచి నా అసలు పేరు పోయింది. 'తలనూనె' అయ్యాను.

మాది సబ్బుల కంపెనీ. సబ్బులో కలిపే అత్తర్ల వాసన చూసి, బాగుందో లేదో చెప్పడం అద్దం అవతలి ఆమె పని. అందరూ 'ముక్కు మేడమ్' అంటారు. నాకంటే ఏడాది చిన్నదే కానీ, కోపం మాత్రం ఎప్పుడూ ఆ ముక్కు మీదే ఉంటుంది.

రోజూ పొద్దున్నే ఐదు నల్లటి సీసాలు నింపి వరసగా పెట్టడం నా పని. నాలుగింట్లో అత్తర్లు, ఒకదాంట్లో ఉత్తి నీళ్లు. ముక్కు సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటానికి కంపెనీ పెట్టిన పద్ధతి అది. ఆమె నీళ్ల సీసాను ఒక్క క్షణంలో పట్టుకుని, మూతపెట్టి తలకిందులుగా నిలబెట్టేది.

"నీళ్లు! ఇంకేదైనా కొత్తగా ప్రయత్నించు, తలనూనె."

ఇలా ఉండగా కరోనా వచ్చిపడింది. లోకమంతా చేతులు కడుక్కోవడం మొదలుపెట్టేసరికి మా కంపెనీకి సెలవన్న మాటే లేకుండా పోయింది. మొహాలకు మాస్కులు, గేటు దగ్గర జ్వరం చూసే యంత్రం. ఎవరైనా తుమ్మితే చాలు, కేంటీన్‌లో సగం బల్లలు ఖాళీ.

ఒకరోజు సరుకు లారీ రాలేదు. దారిలో ఎక్కడో ఆపేశారట. గులాబీ అత్తరు అయిపోయింది. దాని బదులు వేరేదేదో నింపి, నేనెప్పుడూ గులాబీ పెట్టే మూడో చోట ఆ పూటకి నీళ్ల సీసా పెట్టాను.

ఆమె మాస్కు దించి ఒక్కో సీసా వాసన చూసింది. కాగితం మీద రాసి అద్దం కింద నుంచి నా వైపు తోసింది.

'మూడు: గులాబీ. బాగుంది.'

కళ్లు నులుముకుని మళ్లీ చదివాను. మిగతావీ అంతే, ఒక్కటీ సరిపోలేదు.

"మేడమ్... మూడోది నీళ్లు."

ఆమె మొహం పాలిపోయింది. గబుక్కున మాస్కు పైకి లాక్కుంది.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"నిన్న సాయంత్రం నుంచి. దగ్గు లేదు, జ్వరం లేదు. జలుబేమో అనుకున్నా. ఎవరికీ చెప్పకు. ఈ ముక్కు మీదే మా ఇల్లు నడుస్తోంది. వాసన పోయిందంటే ఈ కుర్చీలో ఎవరు కూర్చోబెడతారు?"

"చెప్పకపోతే ఎలాగండీ? పక్క గదిలో ఎంతమంది ఉన్నారు! మీ ఇంట్లో పెద్దవాళ్లు లేరా?"

"నువ్వు చెప్తే ఇక ఈ జన్మలో నీతో మాట్లాడను."

చెప్పాను. మేనేజరు గది దాకా నడిచిన ఆ ముప్ఫై అడుగులూ నాకింకా గుర్తున్నాయి. ఆమెకు పరీక్షలో పాజిటివ్ వచ్చింది. గదికి తాళం పడింది. నన్నూ ఇంటికి పంపేశారు.

ఇక నా అవస్థ చూడాలి. గంటకోసారి థర్మామీటరు. గొంతు గరగరమంటే గుండె ఆగినంత పని. అక్క స్టూలు మీద కంచం పెట్టి, కర్రతో గదిలోకి తోసేది. వాసన పోయిందేమోనని ఇంట్లో ఉన్నవన్నీ వాసన చూశాను. చివరికి నా మేజోళ్లు కూడా. ముక్కు బ్రహ్మాండంగా ఉందని తేలింది. ఆమెకు మాత్రం పదకొండుసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు.

నాలుగో రోజు తెలియని నంబరు నుంచి ఫోన్.

"బాబూ, తలనూనె నువ్వేనా?"

అదిరిపడ్డాను. "అవునండీ. మీరు?"

"మీ మేడమ్ వాళ్ల అమ్మని. ఇంటికొస్తే నీ గోలే కదా రోజూ! ఇప్పుడు తిడుతోందిలే, పట్టించుకోకు. నాకు షుగరు, మా ఆయనకి ఆయాసం. నువ్వు చెప్పబట్టి అది ఆ రోజే మేడ మీద గదిలోకి వెళ్లిపోయింది. లేకపోతే మా గతేం కాను?"

"మేడమ్ ఎలా ఉన్నారండీ ఇప్పుడు?"

"ఒంట్లో బాగానే ఉంది. వాసనే రాలేదు బాబూ. పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే, మేడ మీంచి 'ఆ పొగేంటమ్మా' అనడుగుతోంది."

ఆవిడ నవ్వబోయి ఏడ్చేసింది. నాకూ ఏడుపొచ్చింది.

నెల తర్వాత ఆమె తిరిగొచ్చింది. నా వైపు చూడనే లేదు.

"ఐదింటికి ఐదూ చెప్పాలమ్మా," అన్నాడు మేనేజరు పక్కనే నిలబడి. "లేకపోతే కుర్చీ వేరేవాళ్లకి ఇవ్వక తప్పదు."

సీసాలు నింపేది నేనే. గులాబీ వచ్చేసింది. దాన్ని మూడో చోట పెట్టడం ఎంతసేపు పని? వాసన రాకపోయినా ఆ ఒక్కటైనా చెప్పేస్తుంది. చెయ్యి అటే పోయింది. కానీ ఆమెకు నిజంగా వాసన వచ్చిందో లేదో ఇక ఎవరికి తెలుస్తుంది? ఐదు చీటీలు రాసి, కళ్లు మూసుకుని తీసి, వచ్చిన వరసలోనే పెట్టాను.

మొదటిది నిమ్మ అంది. రెండోది తలకిందులుగా నిలబెట్టింది. మూడో దాని దగ్గర ఆగిపోయింది. మళ్లీ వాసన చూసింది. మళ్లీ ఆగింది.

"పుదీనా," అంది మెల్లగా.

నాలుగోది చందనం. ఐదో సీసా దగ్గర కళ్లు మూసుకుంది. "గులాబీ."

మేనేజరు చప్పట్లు కొట్టి వెళ్లిపోయాడు. అద్దానికి అటు ఆమె, ఇటు నేను.

"మూడో చోట గులాబీ ఎందుకు పెట్టలేదు?"

"పెట్టి ఉంటే?"

"అప్పుడు నిజంగానే జన్మలో మాట్లాడేదాన్ని కాదు." ఐదో సీసాకి మూత బిగిస్తూ, "అసలు ఇన్నాళ్లూ అక్కడే ఎందుకు పెట్టేవాడివి?" అంది.

ఇక దాచి ఏం లాభం? "మొదటి రెండింటికీ మీకు తొందర. చివరి రెండింటికీ చిరాకు. మూడో దాని దగ్గరే నెమ్మదిగా ఉంటారు. గులాబీకి కళ్లు మూసుకుంటారు. ఆ కాసేపూ మిమ్మల్ని తనివితీరా చూసేవాణ్ణి."

"నాకు గులాబీ వాసనంటే పడదు."

"ఆఁ? మరి కళ్లు మూసుకునేది?"

"నువ్వు చూస్తావని."

ముక్కున వేలేసుకోబోయాను.

"చెయ్యి దించు! మొహం ముట్టుకోకు!" అని అరిచి, తనే పకపకా నవ్వింది. "ఆదివారం ఇంటికి రా. అమ్మా నాన్నా నీతో మాట్లాడాలంటున్నారు. తలకి నూనె రాసుకునే రా. నువ్వు గేటు దగ్గరికి రాగానే నాకు మేడ మీదికే తెలియాలి."