ఇప్పలగొంది మీద సుడి

నూకరత్నం అడుగుచూపును నీటిలోకి దించి, దాని తాడును దోనె అంచుకు రెండు చుట్లు చుట్టింది. ఒళ్ళోని పుస్తకం తెర మీద నీటి అడుగు మెల్లగా తేలింది. పన్నెండు మీటర్ల కింద నిలువు రాళ్ళు, వరుసలు వరుసలుగా. వాటి నడుమ వాలుగలు కదలకుండా నిలబడి ఉన్నాయి.

"పద్నాలుగో మలుపు," అంది ఆ పుస్తకం, తెడ్డుదారి. "ప్రవాహం లేదు. కొత్తవాళ్ళు కూడా తెడ్డు వెయ్యవచ్చు. చేపలు దాగే రాతిగూళ్ళు డెబ్బై రెండు. గేలానికి మొదటి శ్రేణి. అడ్డంకి ఒకటి: వృద్ధురాలు, దుంగదోనె. సాక్షి ధ్రువీకరిస్తే రేపు కాపలా బోటు తొలగిస్తుంది."

తెడ్డుదారి వారం వారం తనను తాను తిరగరాసుకునే పుస్తకం. జలాశయంలో దోనె షికారుకో, చేపల వేటకో వచ్చేవాళ్ళు దాని మాట వింటూ తెడ్డు వేస్తారు. వానను, గేట్లను, మేటలను లెక్కగట్టి నదిని అదే ఊహించుకుంటుంది. తొలి కూర్పు లెక్కను నమ్మి వెళ్ళిన ఏడుగురు తిరిగి రాలేదు. ఆ తరవాతే నీటిసాక్షులు వచ్చారు. మనిషి స్వయంగా చూసి చెప్పనిదే అందులో ఒక్క వాక్యం చేరదు. సాక్షి చెప్పినదాన్ని కొట్టెయ్యడానికి పుస్తకానికి అధికారం లేదు. ఆ మాటకు కుదిరే లెక్క వెతుక్కోవడమే దాని పని. నూకరత్నం తొమ్మిదేళ్ళుగా ఈ మలుపుకు సాక్షి. ఒక్క అబద్ధం చెప్పలేదు.

"ధ్రువీకరిస్తున్నా," అనబోయి ఆగింది.

దుంగదోనె ఎదురుగానే ఉంది. అందులో కూర్చున్న కెచ్చెల కన్నమ్మది ఈ నీళ్ళలో మునిగిపోయిన ఇప్పలగొంది ఊరు. ఇప్పుడు ఎగువన కాలనీలో ఉంటోంది. ఆరు నెలలుగా రోజూ పొద్దున్నే వచ్చి ఆ రాళ్ళకు సరిగ్గా పైన దోనె నిలుపుతోంది. ఆ చుట్టూ నాలుగు దోనెల్లో గేలాలు వేసినవాళ్ళు ఆమె వంక చిరాగ్గా చూస్తున్నారు.

నూకరత్నం దోనెను దగ్గరకు తెచ్చింది. "మామ్మా, రేపట్నుంచి ఇక్కడికి రానివ్వరంట. చెబుదామని వచ్చాను."

"మా ఆయన కిందున్నాడు," అంది కన్నమ్మ. "నిద్దర లేదంటున్నాడు."

నూకరత్నం తెడ్డు దోనెలో పెట్టి, తెర మీది రాళ్ళ వంక చూసింది.

"ఊరెత్తేసినప్పుడు బతికున్నోళ్ళని లారీలెక్కించారు. ఆ రాళ్ళ కింద పాతిపెట్టినోళ్ళ సంగతి ఎవురూ అడగలేదు. పోన్లే, నీళ్ళొచ్చాయి, సల్లగా పడుకుంటార్లే అనుకున్నాం. ఇప్పుడేమో పొద్దస్తమానం ఎవురో తలుపు కొడతన్నారంట. లేచి సూస్తే ఎవురూ ఉండరంట. కల్లోకొచ్చి అడుగుతాడు, 'ఎవరే కన్నీ వొచ్చింది' అని. నేనేం సెప్పను?"

ఆమె గొంతులో ఏడుపు లేదు. ఇంట్లో ఒంట్లో బాగోని మనిషి గురించి చెప్పినట్టు చెప్పింది.

నూకరత్నం నీటి లోపలి చప్పుళ్ళు వినిపించే నీటిచెవి తీసి, తీగను నీళ్ళలోకి వదిలింది. ఈ మలుపులో దాన్ని వాడాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు. కాసేపు నీటి సడి తప్ప ఏమీ లేదు. తరవాత వినిపించింది. టక్. కొంచెం ఆగి, మళ్ళీ టక్. గేలాలకు కట్టిన సీసపు గుండ్లు రాళ్ళకు తగులుతున్నాయి. తలుపు మీద వేలి కణుపుతో కొట్టినట్టే ఉంది. ఈ చోటుకు మొదటి శ్రేణి ఇచ్చి ఆరు నెలలైంది. ఇచ్చింది తనే.

మధ్యాహ్నం భోజనాలకని నాలుగు దోనెలూ గేలాలు చుట్టుకుని గట్టుకు వెళ్ళిపోయాయి. నీళ్ళలో ఒక్క దారం లేదు. నూకరత్నం నీటిచెవి తియ్యబోతుండగా ఇంకోసారి మోగింది. ఈసారి రాళ్ళ కింద నుంచి, తలుపు లోపలివైపు నుంచి కొట్టినట్టు.

ఆమె తీగ చుట్టి పక్కన పెట్టి, ఎడమ గట్టు వెంబడి మలుపు చివరిదాకా తెడ్డు వేసింది. మొద్దులు గానీ, వలలు గానీ ఉన్నాయేమోనని అడుగడుగునా చూసుకుంటూ వెళ్ళి వచ్చేసరికి గంట పట్టింది. ఎవరికీ ప్రమాదం లేని దారే.

"రాసుకో," అంది పుస్తకంతో. "రాళ్ళ నడిమధ్య సుడి ఉంది. దోనెలు ఎడమ గట్టు వెంబడి వెళ్ళాలి. గేలం వెయ్యకూడదు."

"కొలతల్లో సుడి లేదు. సాక్షి చూసిందా?"

"చూశాను."

తొమ్మిదేళ్ళ తరవాత మొదటి అబద్ధం.

పుస్తకం లెక్కలోకి దిగింది. చివరికి, "లెక్క కుదిరింది," అంది. "సుడి ఉంటే అడుగున గుంట ఉండాలి. గుంట ఉంటే రాళ్ళు ఉండవు. డెబ్బై రెండు రాళ్ళనూ పాత పొరపాటుగా తీసేస్తున్నాను. వాటిని ధ్రువీకరించింది మీరే కాబట్టి లేవని మీరే చెప్పాలి."

తెర మీద చివరి వరుస వెలిసిపోవడం మొదలైంది. లేవు అంటే చాలు. దోనెలు తప్పుకుంటాయి, ఉద్యోగం నిలుస్తుంది, కింద వాళ్ళకు నిద్ర పడుతుంది. కానీ ఆ ఊరివాళ్ళు అక్కడ ఉన్నారని రాసి ఉన్నది లోకంలో ఈ ఒక్క పేజీలోనే. అదీ చేపల గూళ్ళన్న పేరుతో.

"మీ ఆయన పేరేంటి మామ్మా?"

"సింగిరెడ్డి. ఎందుకే?"

నూకరత్నం తెర వైపు తిరిగింది. "రాళ్ళు ఉన్నాయి."

"అయితే సుడి లేదు."

"అదీ ఉంది."

"రెండూ ఉండటానికి వీల్లేదు."

"రెండూ నేను చూశాను. రాసుకో."

పుస్తకం మళ్ళీ లెక్కలోకి దిగింది. వెలిసిపోతున్న రాళ్ళు సగంలో ఆగాయి. కాసేపటికి పేజీ మొత్తం తెల్లబడింది. దాని మీద ఆధారపడ్డ పదమూడో మలుపు లోతులు చెరిగిపోయాయి, ఆ తరవాత పదిహేనోది. నూకరత్నం సాక్షిముద్ర ఎర్రబడి, కింద విచారణ తేదీ వచ్చింది. ఆమె దాన్ని చదివి తెర ఆపేసింది.

ఎగువ నుంచి ఒక దోనె వస్తోంది. అందులో భార్యాభర్తలిద్దరు. వాళ్ళ పుస్తకం వాక్యం మధ్యలో ఆగిపోయినట్టుంది. భర్త దాన్ని రెండుసార్లు తట్టి చూశాడు. తరవాత తలెత్తి, ఈ ఇద్దరు ఆడవాళ్ళ వంక, వాళ్ళ నడుమ కదలని నీళ్ళ వంక చూశాడు.

"ఏవండీ, ఇక్కడేముందండీ? పుస్తకం చెప్పట్లేదు."

ఇన్నేళ్ళలో ఎవరూ నూకరత్నాన్ని ఆ మాట అడగలేదు. ఆమె నోరు తెరిచేలోపే కన్నమ్మ జవాబిచ్చింది.

"మా ఊరు బాబూ, ఇప్పలగొంది. అందరూ పడుకున్నారు. సప్పుడు సెయ్యకుండా పోండి."

ఆ భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇద్దరూ తెడ్లు పైకెత్తి పట్టుకున్నారు. వాటి నుంచి కారే చుక్కలను కూడా అతను దోనె లోపలికే పడనిచ్చాడు.