ముప్పై రోజుల మౌనం

పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకుని, పాలగిన్నె పొయ్యి మీద పెట్టి, పెద్దావిడ ఫోను చేతిలోకి తీసుకుంది. ఊలు అల్లే ఆడవాళ్ళ గ్రూపు ఒకటుంది. దానికి ఆమే అడ్మిన్. నాలుగువేల మందికి పైగా ఉన్నారు. ముప్పై ఏళ్ళు పోస్టాఫీసు కౌంటరు వెనక కూర్చుని, ఎదుటివాళ్ళు ఎంత అరిచినా గొంతు పెంచకుండా నెట్టుకొచ్చిన మనిషి. అందుకే అందరూ ఆమెను పోస్టక్కయ్య అంటారు.

ఆ గ్రూపులో ఒక పద్ధతి ఉంది. ఆమె పెట్టిందే. ఎవరి అల్లికలోనైనా తప్పు చెప్పాలంటే ముందు ఆ వరుస తను కూడా అల్లి, ఫోటో పెట్టి, అప్పుడు చెప్పాలి. అల్లేసరికి గంట పడుతుంది, ఆ గంటలో కోపం సగం చల్లారుతుంది. అప్పటికీ నోరు జారితే ముప్పై రోజులు మౌనం. గ్రూపులో వచ్చినవన్నీ చదువుకోవచ్చుగానీ ఒక్క అక్షరం రాయకూడదు.

నిన్న సాయంత్రం ఆ శిక్ష కింది వాటాలో ఉండే తోడికోడలికే పడింది.

"పాలు పొంగుతున్నాయి" అన్నాడు భర్త పేపరులోంచి తలెత్తకుండా. "నాలుగువేల మందిని పొంగకుండా చూసుకుంటావు, ఒక్క గిన్నె దగ్గర మాత్రం ఓడిపోతావు."

ఆమె పొయ్యి ఆర్పింది. "మీరూ మొదలుపెట్టకండి. రాత్రి నుంచి పదిమంది మెచ్చుకున్నారు, సొంత మనిషని కూడా చూడలేదని."

"అదే నేనూ అంటున్నాను. సొంత మనిషని చూడలేదని."

"ఏం చెయ్యమంటారు? గ్రూపులో ఆ నర్సు పిల్ల, ఈవిడ శాలువా చూసి ఎంత మర్యాదగా చెప్పింది! 'ఏమీ అనుకోకండి పిన్నీ, ఎడమ అంచు దగ్గర కుట్టు జారినట్టుంది. నేనూ అల్లి చూశాను, ఫోటో పెట్టాను' అంది. దానికి మీ మరదలు ఏమందో తెలుసా? 'నేను కత్తెర పట్టేనాటికి నువ్వు పుట్టనే లేదు. లేని తప్పు పుట్టించడానికి సిగ్గులేదూ? ముందు నీ కళ్ళు చూపించుకో' అంది. ఆ పిల్ల అలిగి గ్రూపులోంచి వెళ్ళిపోయింది. నా వాళ్ళని ఊరుకుంటే రేపు నా మాట ఎవరు వింటారు?"

ఆయన పేపరు మడిచాడు. "న్యాయమేలే. కానీ మా తమ్ముడు పోయాక ఆవిడకి ఆ గ్రూపు తప్ప వేరే లోకం లేదు. దిగి వెళ్ళి ఒక్క మాట మాట్లాడి రా. మెట్లు పద్నాలుగేగా."

నిజమే. పద్నాలుగు మెట్లు దిగి ఎన్నాళ్ళయిందో ఆమెకు గుర్తు రాలేదు. ఇద్దరూ రోజూ గ్రూపులో పలకరించుకుంటూనే ఉన్నారు కదా అని ఊరుకుంది.

కింద తలుపు తీసే ఉంది. కుట్టు మిషను మీద దుప్పటి కప్పి ఉంది, దాని మీద దుమ్ము. చిన్నావిడ కిటికీకి వీపు పెట్టి మంచం మీద కూర్చుని శాలువా అల్లుతోంది. పక్కనే బల్ల మీద ఫోను.

"చెప్పులు ఈడ్చకుండా నడవడం ఎప్పుడు నేర్చుకుంటావక్కా?" అంది తల తిప్పకుండానే. "కూర్చోడానికి వచ్చావా, నోటీసు అంటించడానికి వచ్చావా?"

పెద్దావిడ కుర్చీ లాక్కుంది. "ఆ పిల్లకి క్షమాపణ చెప్పు. పదిహేను రోజులు తగ్గిస్తాను. నా చేతిలో ఉన్నది అంతే."

"అబ్బో, ఎంత దయ! రసీదు రాసి, దాని మీద స్టాంపు కూడా గుద్దివ్వు."

"వెటకారాలొద్దు. అది గొంతు చించుకోలేదు, తిట్టలేదు. పద్ధతి ప్రకారం అల్లి చూపించింది. నీ శాలువా ఫోటో మీద జారిన చోట ఎర్ర గుర్తు కూడా పెట్టింది. అంత స్పష్టంగా చూపించినా కాదంటే..."

"నేను చూడలేదు."

"చూడకుండానే తిట్టావా? ఇంకా దారుణం."

చిన్నావిడ సూదులు ఆగాయి. "కనపడలేదక్కా."

అప్పుడే బల్ల మీది ఫోను పలికింది. గ్రూపులో వచ్చినవి పైకి చదివే, ప్రాణం లేని ఆడగొంతు, అన్ని మాటలనూ ఒకే బరువుతో పలికే గొంతు. ఎవరిదో పేరు చదివి, "ఒక ఫోటో పంపారు" అంది. ఆ ఫోటోలో ఏముందో చెప్పకుండానే పక్క మనిషి పేరులోకి వెళ్ళిపోయింది.

పెద్దావిడకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక చిన్నావిడ కళ్ళలోకి వంగి చూసింది.

"కుడికన్ను పోయిన ఏడే పోయింది" అంది చిన్నావిడ, కూర ఉడికిందని చెప్పినంత మామూలుగా. "ఎడమదానికి తాళంచెవి కన్నంలోంచి చూసినంత మిగిలింది. వెనకాల నరం ఎండిపోతోందట. ఆర్నెల్లు అన్నాడు డాక్టరు. అయిదు అయిపోయాయి. మందులతో ఆగదా అంటే ఇక దేవుణ్ణి అడగమన్నాడు. అడిగాను. ఆయన నుంచి జవాబే లేదు. ఆయన్ని కూడా నువ్వే మౌనంలో పెట్టావేమో అనుకున్నాను."

నవ్వబోయి పెద్దావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే మర్యాద చేస్తావు. కౌంటరు దగ్గర ముసలాళ్ళని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చేదానివి చూడు, అలా. నువ్వు నాతో పోట్లాడితేనే నాకు బాగుంటుంది."

"ఇప్పుడే ఆ మౌనం తీసేస్తాను. అందరికీ విషయం చెబుతాను. ఆ నర్సు పిల్ల కూడా అర్థం చేసుకుంటుంది."

"చెప్పావో, ఈ గడప తొక్కకు!" చిన్నావిడ శాలువా పక్కన పడేసింది. "ఆస్పత్రిలో గుడ్డిదాన్ని, వీధిలో గుడ్డిదాన్ని. నా కూతురు ఫోను చేస్తే మొదటి మాట మందు వేసుకున్నావా అనే. అక్కడ ఒక్కచోటే నేనింకా టైలరమ్మని. దాన్ని కూడా లాక్కోకు."

"చెప్పకుండా తీసేస్తే నా మనిషని తీసేశానంటారు. రేపటినుంచి ఎవరూ ఎవరి మాటా వినరు. మళ్ళీ తిట్లు, మళ్ళీ ఏడుపులు."

"తీసేయమని ఎవరడిగారు? ఉండనీ. తిట్టిన మాట నిజం. ఆ ఫోను గొంతులో 'ఏమీ అనుకోకండి పిన్నీ' అన్నా వెక్కిరింపులానే వినపడింది. గుర్తు పెట్టిందని నువ్వు చెబితేగానీ తెలీదు నాకు." మళ్ళీ సూదులు అందుకుంది. "నెలయ్యాక మళ్ళీ రాస్తాలే. అప్పటికి నేను అల్లింది ఏ రంగో నాకు కనపడదు. అంతేగా తేడా."

పెద్దావిడ ముప్పై ఏళ్ళు కౌంటరులో, తర్వాత గ్రూపులో, మాట మెత్తగా ఉంటే చాలు, ఎవరి మనసూ నొచ్చుకోదనే నమ్మింది. ఫోటో పెట్టి చూపించాలి అని తను రాసిన రోజున, చూడలేనివాళ్ళు ఒకళ్ళుంటే, అన్న ఆలోచనే రాలేదు. అందరికీ ఒకటే కొలత పెట్టాను, అది తప్పా స్వామీ, అని లోలోపలే అడిగింది. తప్పని అనిపించలేదు. ఒప్పని కూడా అనిపించలేదు. ఇప్పుడు ఆ కొలత మార్చినా ఈ కళ్ళు రావు. మార్చకపోతే ఈ మనిషికి మిగిలిన చివరి వెలుతురంతా మౌనంలోనే గడిచిపోతుంది. దేన్ని ఎంచుకున్నా పోయేది చిన్నావిడదే.

"అక్కా, ఎక్కడుంది అది? ఆ పిల్ల చెప్పిన చోటు. చూపించు."

"వద్దులేవే."

"చూపించు. ఎవరో ఒకరు చూపించాలిగా."

పెద్దావిడ లేచి వెళ్ళి మంచం మీద ఆమె పక్కన కూర్చుంది. శాలువా ఎడమ అంచును తన అరచేతి మీద పరుచుకుంది. చిన్నావిడ చూపుడువేలు పట్టుకుని వరుస వెంట మెల్లగా నడిపించింది. సూది పోట్లతో మొద్దుబారిన వేలు అది. ఒకచోట ఆగింది.

"నిజమే" అంది చిన్నావిడ. "జారింది. ఆ పిల్ల సరిగ్గానే చెప్పింది, పాపం. నువ్వే ఫోను చేసి చెప్పు, పిన్ని తప్పు ఒప్పుకుందని." తర్వాత చాలా మెల్లగా అడిగింది. "పెద్దదా?"

"లేదే. కనపడీ కనపడనట్టుంది."

చిన్నావిడ వేలు ఆ కన్నంలో కాస్త తడుముకుని, కింద ఉన్న అరచేతి దాకా దూరింది.

"నాతో అబద్ధాలాడకక్కా" అంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "నీ చెయ్యి తగులుతోంది నాకు."

పెద్దావిడ ఊలులోంచి ఇవతలికి వచ్చిన ఆ వేలిని గుప్పిట్లో గట్టిగా పట్టుకుని, గొంతెత్తి ఏడ్చింది.