పులుసులో ఇంగువ

పల్లవి నా చేతి మీద ఒక్కటేసింది. మా పరిచయం అలా మొదలైంది.

పుంగనూరులో మాది మిఠాయి అంగడి, పక్కనే క్యాటరింగ్. అంగడికొచ్చిన పిల్లల చేతిలో చెనిక్కాయల చిక్కీ ముక్క కొసరుగా పెట్టడం మా తాత కాలం నుంచీ అలవాటు. ఆ రోజు నాలుగేళ్ల పాపకు పెట్టబోయాను. ముక్క ఎగిరి కాలవలో పడింది.

"ఏమప్పా, అడగకుండానే పెట్టేస్తావా? చెనిక్కాయలు తింటే మా దీపకు గొంతు వాసిపోతాది. పాలు, గుడ్డు, గోధుమలు కూడా పడవు."

"మరేం తింటాదమ్మా?"

"నేను వండింది."

చెయ్యి మండుతోంది. కళ్లు మాత్రం ఆమె మీద నుంచి రానంటున్నాయి. సిగ్గులేని కళ్లు.

దీప ఆమె అక్క కూతురు, వీళ్లింట్లోనే పెరుగుతోంది. ఏ విందుకెళ్లినా ఓ మూల కూర్చుని డబ్బాలో అన్నం తింటుందట. వచ్చే ఆదివారం ఐదో పుట్టినరోజు. అందరితో బంతిలో కూర్చుని, అందరూ తినేదే తినాలని పాప కోరిక.

"నేను వండతా," అన్నాను. ఎందుకన్నానో తెలీదు. తెలుసు, చెప్పను.

"నీ బాణళ్లన్నీ చెనిక్కాయల నూనె తాగుండాయి."

"కొత్తవి కొంటా."

కొన్నాను. రోజూ సాయంత్రం పల్లవి వచ్చి ప్రతి ప్యాకెట్టూ ముందూ వెనకా చదివేది. నాకూ చదవడం నేర్పింది. కొబ్బరిపాల పాయసం మూడుసార్లు ఫెయిల్ చేసి, నాలుగోసారి పాస్ చేసింది.

"యాల అట్ల సూస్తాండావు?"

"పాయసం ఎట్లుందో అని."

"పాయసం గిన్నెలో ఉండాది. నా మొగంలో కాదు."

ఆదివారం వాన. వాళ్లింటి వరండాలో నలభై ఆకులు పరిచారు. పప్పులుసు తిరగమోతలో అలవాటుగా మా అంగడి డబ్బాలోంచి చిటికెడు ఇంగువ వేశాను. వేశాక డబ్బా తిప్పి చదివాను. చిన్న అక్షరాల్లో గోధుమపిండి.

చిటికెడే, ఎవరూ చూడలేదు. చెబితే పల్లవి మళ్లీ నా మొహం చూడదు. చెప్పకపోతే దీప ఏమైపోతుందో.

వెళ్లి చెప్పేశాను.

"దీప తినిందా?"

"లేదు. ఇంకా వడ్డించలా."

పల్లవి వచ్చి గుండిగ మీద మూత పెట్టింది. తిట్టేస్తే బాగుండుననిపించింది.

"రవ్వంతే కదా అని నాకు తెలీకుండా పెట్టినోళ్లే అందరూ," అంది చివరికి. "రెండుసార్లు ఆస్పత్రికి పరిగెత్తినా. నోరు తెరిసి చెప్పినోడివి నువ్వొకడివే." కళ్లు తుడుచుకుని చున్నీ నడుముకు బిగించింది. "నిలబడినావేమి? పప్పు కడుగు."

ఆ గుండిగ అవతల పెట్టేశాం. చేతులు రుద్ది కడుక్కుని, వేరే గిన్నెలో మళ్లీ వండాం. నా పక్కన చింతపండు పిసుకుతున్న పల్లవిని చూస్తూ, ఈ పప్పు ఎప్పటికీ ఉడక్కపోతే బాగుండుననుకున్నాను.

"నలభై మందిని ఆకుల ముందర కూర్చోబెట్టి ఇప్పుడు వండతాండారా?" అని వాళ్లవ్వ వెంకటలక్ష్మమ్మ గొణిగింది.

దీప బంతి మధ్యలో కూర్చుని మోచేతుల దాకా పులుసు పూసుకుంది.

"మామా, రేపూ నువ్వే వండతావా?"

"మీ చిన్నమ్మను అడుగు."

పల్లవి గరిటె ఆపింది. పాపకే చెబుతూ నన్ను చూసింది. "రేపొకనాడే యాల? మనతోనే ఉండి రోజూ వండమను."

బంతంతా మావైపు తిరిగింది. అవ్వ తాపీగా పులుసన్నం కలుపుకుంది.

"బుధవారం మంచిది. మీ అమ్మానాయన్ను పిల్సుకోని రాప్పా."